గొళ్ళెం చప్పుడు

నా పేరు మస్తాన్‌బీ, వయసు అరవై. రాంగోపాల్‌పేటలో నేనూ, కోడలు జైనబీ ఉంటాం. నలభై ఎనిమిదిలో జరిగిన పోలీసు యాక్షన్‌లో ఎవరో మా తలుపు గొళ్ళెం కొట్టి నా కొడుకును తీసుకుపోయారు. అప్పటినుంచి మా గల్లీలో ఎవరూ గొళ్ళెం ముట్టరు, బయటినుంచి పేరు పెట్టి పిలుస్తారు.

ఈ రోజు దయ్యం సినిమాకు పోయాం. దయ్యం వస్తే ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు, నేను నవ్వాను. తర్వాత తెర మీద ఎవరో గొళ్ళెం కొట్టారు. ఈసారి నేనొక్కదాన్నే కెవ్వుమన్నాను.

"దయ్యానికి నవ్వి, గొళ్ళెం చప్పుడుకు జడుసుకుంటివేంది ముసలమ్మా?" అని పక్కనామె ఎక్కిరించింది.

"దయ్యం మీ ఇంట్ల ఎవల్నన్న తీస్కపోయిందా?" అన్నాను.

ఇంటికొచ్చాక కోడలు, "గా గొళ్ళెం పీకేద్దాం అత్తమ్మా" అంది.

"ఉండనీ. గల్లీల కొత్త రివాజు నా కొడుక్కేం తెలుసు? వాడొస్తే గదే కొడ్తడు."

నా కేకకు నవ్వినవాళ్లు నేను చెప్పి రాయించిన ఈ కాయితం చదివించుకుని, తమ భయమేదో నాకు చెప్పాలి.

మస్తాన్‌బీ వేలిముద్ర.
సాక్షులు: కోడలు జైనబీ, పక్కింటి యాదమ్మ.