మా రాజు కాని రాజు

ఆ దేశపు రాజు చనిపోయిన సంగతి నాకు ప్రొద్దుటూరులో, బట్టల అంగళ్ల సందులో, నా అంగడి షట్టరు లేపుతుండగా తెలిసింది.

నేను ఆ అరబ్బు దేశంలో ఇరవై రెండేండ్లు టైలరు పని చేసినాను. అక్కడి మగవాళ్లు తొడుక్కునే పొడవాటి తెల్ల అంగీలు కుట్టేవాణ్ని. తిరిగొచ్చి ఆరేండ్లయింది. ఇప్పుడు ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, బిగుతైన జాకెట్ల కుట్లు విప్పడం నా పని. ఆ పొద్దు ఫోను మోగితే చూసినాను. మా పాత అంగట్లోనే ఇప్పుడు పనిచేస్తున్న కమలాపురం మనిషి ఒకాయన మాట రికార్డు చేసి పంపినాడు.

"అన్నా, పెద్దాయన పాయె. టీవీలో అన్నీ ఆపేసినారు, ఖురాన్ ఒక్కటే చదువుతాండారు. రోడ్డు మీద బండ్లు పోతాండాయి గానీ హారన్ కొట్టేవాడు లేడు. మన సేటు పొద్దున్నే వచ్చి అంగడి తెరిచి, లోపలికి రాకుండా మెట్టు మీదనే కూర్చోనుండాడు. పెండ్లి బట్టలు కుట్టి తగిలించినవి అట్లే ఉండాయి, తీసుకపోయేదానికి ఒక్కడూ రాలే. రేపట్నించి మన పరిస్థితి ఏందో అని రూములో అందరూ గుసగుసలాడుతాండారు."

షట్టరు సగం లేపి అట్లే నిలబడిపోయినాను. పక్కన గుండీలు, లేసులు అమ్మే అంగడాయన నన్ను చూసి దగ్గరికి వచ్చినాడు.

"ఏం మామా, ఎవరు పోయినారు?"

"రాజు."

"ఏ రాజు?"

చెప్పినాను.

"ఓ, అరబ్బోళ్ల రాజా! నేను ఇంగా మీ ఇంట్లో ఎవరన్నా ఏమో అనుకుంటి" అని నవ్వి, తన గడపకు నీళ్లు చల్లుకోవడానికి పోయినాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అంతే.

షట్టరు మళ్లీ దించి ఇంటికి పోయినాను. మా ఆమె చాటలో కందిపప్పు వేసుకొని రాళ్లు ఏరుతోంది. విషయం చెప్పినాను. తలెత్తకుండానే అడిగింది.

"ఆయన మనకేమైతాడు?"

"ఏమీ కాడు."

"మరి అంగడెందుకు మూసేస్తివి?"

టీవీ పెట్టినాను. తెలుగు వార్తల్లో కింద ఒక వరుసగా ఆ వార్త పోయింది. మళ్లీ వస్తుందని చాలాసేపు చూసినాను. రాలేదు.

ఆ రాజును నేను చూసింది ఒకే ఒక్కసారి. మా అంగడి ముందు రోడ్డు మీద కారులో పోతుంటే, మెడలో టేపుతోనే పరుగెత్తి బయటికి వచ్చినాను. కారులోంచి ఒక చెయ్యి లేచి దిగింది. అంతే. కానీ రోజూ ఆయన గురించిన మాట వినకుండా నాకు అక్కడ పొద్దు పోలేదు. కొలతలిచ్చేటప్పుడు ముసలివాళ్లు చెప్పేవాళ్లు. ఒకాయన భుజం కొలుస్తుంటే అన్నాడు, తన చిన్నప్పుడు కాన్పు కష్టమై వాళ్లమ్మను గాడిద మీద వేసుకొని రెండు రోజులు నడిచినారంట, ఆసుపత్రి రాకముందే ఆమె పోయిందంట. "ఇప్పుడు నా మనవడు ఆ దారిలో అర్ధగంటలో పోతాడు. ఆ దారి వేసింది ఆయనే" అన్నాడు. ఆ దేశంలో వాళ్లకు ఊరూ, బడీ, కరెంటూ ఏదైనా ఆయనకు ముందు, ఆయన వచ్చినాక అని రెండు కాలాలు. నేను వాళ్ల మధ్య బతికినాను కాబట్టి నాకూ తెలియకుండానే అట్లా లెక్క వేసుకోవడం అలవాటైంది.

ఆ సంగతి ఎవరితోనైనా మాట్లాడకపోతే ఊపిరాడేట్టు లేదు. జమ్మలమడుగులో నా పాత రూము మనిషి ఉన్నాడు. అక్కడ డ్రైవరుగా చేసినాడు. పన్నెండేండ్లు ఒకే రూములో, పక్కపక్క మంచాల్లో పడుకున్నాం. రంజాన్ నెలలో తెల్లవారుజామున ఆయన తినడానికి లేస్తే, తోడుగా నేనూ లేచి టీ తాగేవాణ్ని. ఆయన కోసమని బస్సెక్కినాను. దారంతా శనగ చేలు కోతకొచ్చి ఉన్నాయి. బస్సులో ఒకామె కాలేజీ ఫీజుల గురించి ఫోన్లో అరుస్తోంది. అంతమందిలో ఎవరి ముఖంలోనూ ఆ వార్త లేదు. నా ముఖంలో మాత్రమే ఉన్నట్టు, అది కనపడకుండా దాచుకోవాలన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆయన ఇంటి ముందర మోటారు సైకిలు కడుగుతూ కనిపించినాడు. నన్ను చూసి నీళ్ల పైపు పక్కన పడేసినాడు.

"రాజు కోసం వచ్చినావా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెల్లారేసరికే తెలుసు. కూర్చో."

లోపలికి పోయి రెండు గ్లాసుల్లో టీ తెచ్చినాడు. నేను ఏవేవో గుర్తు చేసినాను. వాళ్ల దేశం పండగకు వీధులన్నిటా దీపాలు పెట్టేది, జెండాలు కట్టేది. ఆయన వింటూనే ఉన్నాడు గానీ ముఖం మెత్తబడలేదు. ఉన్నట్టుండి అన్నాడు.

"నా పాసుపోర్టు మూడేండ్లు పెట్టెలో పెట్టి తాళమేసుకున్యాడు నా యజమాని. నా కూతురి నిఖాకు రాలేకపోతిని. గుర్తుందా నీకు?"

గుర్తుంది. ఆ రోజంతా ఆయన రూములో గోడకు తిరిగి పడుకొని ఉంటే, నేను పనికి పోకుండా పక్కన కూర్చున్నాను.

"నీ రాజుకు ఆ సంగతి తెలిసుంటే నన్ను పంపించేవాడా?"

"ఏమో మామా. అంత పైన ఉన్నాయనకు ఎట్ల తెలుస్తుంది?"

"తెలీదు గదా? మరి ఆయన సచ్చిపోయినట్టు నాకెందుకు తెలియాల?" అని గ్లాసు కింద పెట్టినాడు. గొంతు తగ్గించి, "నువ్వు ఆయన కోసం ఏడుస్తాండావని అనుకుంటాండావు. కాదప్పా. నీ మంచి కాలమంతా ఆడ పాయ. దానికోసం ఏడుస్తాండావు నువ్వు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. లేచినాను. ఆయనే మళ్లీ గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"పులివెందులలో ఆయమ్మ ఉండాది గదా, మీ అంగడి ఎనకింట్లో వంట చేసేది. ఆడికి పో. నీకు తోడు ఏడ్చేదానికి ఆయమ్మే సరి. నావల్ల కాదు" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే దారి చెప్పినాడు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె అక్కడ బస్టాండుకు దగ్గర్లో చిన్న టిఫిను అంగడి నడుపుతోంది. మాకు తెలిసినప్పుడు ఒక అరబ్బు ఇంట్లో పదేండ్లు వంటమనిషి. ఆ ఇంటి ఆడపిల్లను పుట్టినప్పటి నుంచి ఎత్తుకొని పెంచింది. నేను పోయేసరికి పొయ్యి వెలిగించలేదు. బెంచీలు బోర్లించి ఉన్నాయి. లోపల స్టూలు మీద కూర్చొని ఫోన్లో రాజు అంత్యక్రియలు చూస్తోంది.

"రాన్నా" అంది, నేను వస్తానని ముందే తెలిసినట్టు.

ఇద్దరం ఆ చిన్న ఫోను అద్దంలో చూసినాం. మామూలు చెక్క పెట్టె, మీద జెండా. ఏ హంగూ లేదు. తెల్ల అంగీల మగవాళ్లు వరుసలు కట్టి నిలబడినారు. ఆ వరుసల్లో నేను కుట్టిన అంగీ ఏదైనా ఉందేమోనని నా కండ్లు వెదికినాయి. ఒక సైనికుడు తల వంచి భుజాలు కుదుపుకుంటూ ఏడుస్తున్నాడు, పక్కవాడు అతన్ని పట్టించుకోకుండా తానూ ఏడుస్తున్నాడు. అంత జనంలోనూ ఎవరికి వాళ్లే ఉన్నారు.

"పొద్దున ఆ బిడ్డ ఫోన్ చేసిందన్నా" అంది ఆమె. "నేను వచ్చేసినాక ఇదే మొదలు. పెద్దదైపోయింది, గొంతు గుర్తు పట్టలే నేను. 'మా నాయన సచ్చిపోయినాడు' అని ఏడుస్తాంది. వాళ్ల నాయనే ఏమో అని నా గుండె ఆగినంత పనాయ. తర్వాత తెలిసింది రాజని. వాళ్లింట్లో ఎవురూ అన్నం ముట్టలేదంట. వాళ్ల అవ్వ ఉలకదు పలకదంట."

"నువ్వేమన్యావు?"

"అదే నా బాధ. సావు జరిగినప్పుడు వాళ్లు ఒక మాట అనుకుంటారు సూడు, అది గుర్తుకు రాలే. నోరంతా వెదుక్కున్యా. 'ఏడవద్దమ్మా' అని తెలుగులో అనేస్తి. అది ఫోన్ పెట్టేసింది."

నేనూ వెదుక్కున్నాను. ఇరవై రెండేండ్లు విన్న మాట. చావుకు పోయినప్పుడల్లా చెయ్యి కలిపి నేనే ఎన్నోసార్లు చెప్పిన మాట. నాలుక చివర ఉన్నట్టే ఉంది, రావడం లేదు. ఇద్దరం బోర్లించిన బెంచీల మధ్య కూర్చొని చిన్నపిల్లలు పద్యం మర్చిపోయినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె ఒక ముక్క అంది, నేను ఇంకో ముక్క అన్నాను. అప్పుడు వచ్చింది.

"అజ్జమల్లాహు అజ్రకుమ్."

"అదే! అదేనన్నా!" అని లేచి నిలబడింది. ఈ దుఃఖానికి దేవుడు మీకు గొప్ప ఫలం ఇయ్యాల అని దాని అర్థం. వెంటనే ఆ బిడ్డకు ఫోన్ చేసింది. లైను దొరకలేదు. మళ్లీ చేసింది. ఆ దేశమంతా ఆ పొద్దు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నట్టుంది. నాలుగైదు సార్లు చూసి, చివరికి ఆ మాటను రికార్డు చేసి పంపింది. ఆ బిడ్డ విన్నట్టు ఫోన్లో నీలం గుర్తు పడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాం. నేను బస్సుకు లేచేదాకా పడలేదు.

చీకటి పడకముందే ఇల్లు చేరినాను. మా ఆమె వాకిట్లో కూర్చొని చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చొని నేనూ ఒలవడం మొదలుపెట్టినాను. జమ్మలమడుగు సంగతి, పులివెందుల సంగతి చెప్పినాను. అడ్డు రాకుండా విన్నది. ఆ రాజు సంగతి, ఆ ముసలాయన తల్లి సంగతి కూడా చెప్పినాను. ఇన్నేండ్లలో ఆ దేశం గురించి ఆమెకు అంతసేపు చెప్పడం అదే మొదలు.

అంతా అయినాక అడిగింది.

"మీ నాయన పోయినప్పుడు ఫోన్లో నువ్వేమన్యావో గుర్తుండాదా?"

గుర్తు లేదు.

"'సెలవు ఇయ్యరు, మీరే కానీయండి' అన్యావు. పెట్టేస్తివి. రెండేండ్లకు వస్తివి. ఆయప్పను ఎట్ల పంపితిమో ఇంతవరకూ నువ్వు అడగలే."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. నా చేతిలోని చెనక్కాయ పగలకుండా అట్లే ఉండిపోయింది.

"ఎట్ల పంపితిరి?" అని అడిగినాను.

ఒడిలోని పొట్టు దులుపుకుంది. తర్వాత, ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పుకొచ్చింది. చివరి రెండు రోజులు మా నాయన ఆమెను చూసి 'అమ్మా' అనేవాడంట, వాళ్లమ్మ అనుకొని. నీళ్లు ఆమె చేతితోనే తాగినాడంట. ఆ పొద్దు పెన్నలో నీళ్లు పారుతున్నాయంట, అందుకని గట్టు మీదే కట్టెలు పేర్చినారంట. వాన పడి కట్టెలు తడిసి, శానాసేపు అంటుకోలేదంట. ఆడవాళ్లు అక్కడికి పోకూడదని అందరూ ఆపినా, మగవాళ్లు చాలకపోతే ఆమే గోనెసంచి నెత్తిన వేసుకొని కిరోసిన్ డబ్బా తీసుకపోయిందంట. కొరివి మా చిన్నాయన పెట్టినాడంట.

"అంటుకున్యాక నేను వచ్చేస్తి" అంది. "ఇంట్లో దీపం పెట్టాల గదా."

చెప్పడం ఆపి, నేనేమైనా అంటానేమోనని నా వైపు చూసింది. ఆ పొద్దంతా నేను మూడూళ్లు తిరిగి మాట్లాడినాను, ఇప్పుడు ఈమెకు చెప్పాల్సిన మాట కోసం వెదుక్కున్నాను. ఆమె చాట తీసుకొని లోపలికి పోయింది. లోపల లైటు వెలిగింది. నేను వాకిట్లోనే ఉన్నాను.