మూడో ఇంజనులో పొగ

గఫూర్ సాబ్ ఆదోనివాడు. తండ్రి మాబు సాబ్ పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఎస్సెల్సీ కాగానే గఫూర్ వైమానిక దళంలో చేరి, పదిహేనేళ్లు ఇంజన్లు విప్పి బిగించాడు. 1972లో బయటికొచ్చి ఒక విమాన కంపెనీలో మెకానిక్కుగా కుదిరాడు. ఐదేళ్లకు ఫ్లైట్ ఇంజనీరయ్యాడు. అంటే పైలట్లిద్దరి వెనక కూర్చుని, గోడ నిండా ఉన్న మీటర్లు చూస్తూ ఇంజన్ల బాగోగులు కనిపెట్టే ఉద్యోగం. ఆదోనిలో మాత్రం అందరికీ ఆయన "విమానం నడిపేటోడు". కాదని చెప్పి చెప్పి చివరికి ఊరుకున్నాడు.

1982 మార్చిలో ఒక ఉదయం బొంబాయి నుంచి కువైట్ వెళ్లే విమానంలో ఆయనకు డ్యూటీ పడింది. ఎక్కినవాళ్లలో చాలామంది పనుల కోసం పోయేవాళ్లే. సముద్రం మీదికి వచ్చి పావుగంటైందో లేదో హెచ్చరిక గంట మోగింది. మూడో ఇంజను ఎర్రదీపం వెలిగింది. అందులో నిప్పు పుట్టిందని దాని అర్థం.

కెప్టెన్ గంట ఆపాడు.

"మూడోదేనా?"

"మూడోదే."

బాగున్న ఇంజను ఆపేస్తే ఇంకా ప్రమాదం. అందుకని ముగ్గురూ దీపాన్ని మరోసారి చూశారు. కెప్టెన్ ఆ ఇంజను జోరు తగ్గించాడు. గఫూర్ సాబ్ దానికి ఇంధనం కట్టేసి, ఎర్రపిడి లాగి, మంటలార్పే గ్యాసు వదిలాడు. పన్నెండు సెకన్లకు దీపం ఆరిపోయింది.

ఆయన వెంటనే పరీక్ష మీట నొక్కి చూశాడు. దీపం వెలగాలి, వెలగలేదు. నిప్పును పసిగట్టే తీగ చెడిపోయిందన్నమాట. మంటకు కాలిపోయిందా, లేక ముందే పాడై ఉత్తగంట కొట్టిందా? అంతకుముందు నెలలో ఇదే కెప్టెన్‌కు అలాంటి ఉత్తగంట ఒకటి మోగింది.

"ఎలాగూ వెనక్కి తిరగాల్సిందే. ఉత్తదైతే ఇంధనం పారబోసి, బరువు తగ్గించుకుని నిదానంగా దిగుదాం. నిజమైతే మళ్లీ అంటుకోవచ్చు, అంత సమయం లేదు. వెళ్లి చూసి రా," అన్నాడు కెప్టెన్.

కుడివైపు, రెక్కకు కాస్త ముందున్న కిటికీ దగ్గర ఒకామె కూర్చుని ఉంది. గఫూర్ సాబ్ ఆమె మీదుగా వంగి చూశాడు. పొగా లేదు, మంటా లేదు. మీకేమైనా కనిపించిందా అని హిందీలో అడిగాడు. ఆమె పక్క సీటామె వైపు తిరిగి, "ఈయప్ప ఏమంటాండాడు?" అంది.

"అక్కా, ఆడ పొగ ఏమన్నా చూసినావా?" అన్నాడాయన.

"నీది యాడ సార్?"

"ఆదోని. ముందు ఇది చెప్పక్కా."

"మాది ఎమ్మిగనూరు పక్కనే. నా పేరు సంతోషమ్మ. పొగ వచ్చినాది సార్. నల్లగ, సన్నగ. దాంట్లో ఒకసారి ఎర్రగ మెరిసినాది. మల్ల ఒక్కసారిగ తెల్లగ బుస్సుమని వచ్చి, ఆగిపోయినాది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఇంజనంటే పొగ రాదా? మా ఆదోని బస్సుకు రోజూ వస్తాది."

మిల్లులో పత్తికి నిప్పంటుకున్నప్పుడు మాబు సాబ్ మేస్త్రీ దగ్గరికి పోయేవాడు కాదు. అక్కడ పత్తి ఏరుతున్న ఆడవాళ్లను అడిగేవాడు. ఎక్కడ మొదలైందో వాళ్లే చూసి ఉండేవాళ్లు. గఫూర్ సాబ్ ఇంకేమీ అడగకుండా వెనక్కి వచ్చాడు.

"నిజమైన మంటే. ఒకామె చూసింది."

"ఆమెకేం తెలుసు?" అన్నాడు కెప్టెన్.

"ఏమీ తెలియదు. కానీ తెల్లగా వచ్చి ఆగిందని చెప్పింది. మనం గ్యాసు వదిలామని ఆమెకెవరూ చెప్పలేదు."

కెప్టెన్ ఇంధనం పారబోయకుండా నేరుగా బొంబాయి దారి పట్టాడు. అంత బరువుతో ఎంత వేగంగా దిగాలో గఫూర్ సాబ్ లెక్క వేసి కాగితం అందించాడు. చక్రాలు గట్టిగానే తగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మెకానిక్కులు ఇంజను మూత విప్పితే ఇంధనం గొట్టం ఒకచోట పగిలి, చుట్టూ నల్లగా కాలి ఉంది.

మధ్యాహ్నం ఆయన సంతోషమ్మను వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె విమానాశ్రయంలో ప్రయాణికుల గదిలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రేపు మల్ల ఇదే ఎక్కల్లా?"

"వేరేది, అక్కా."

"దాంట్లో నువ్వుంటావా?"

"ఉండను. నా మాదిరే ఒకాయన ఉంటాడు."

"ఆయనకు తెలుగు వస్తాదా?"

"రాదు."

"అట్లయితే పొగ వస్తే ఏమని చెప్పల్ల?"

"ధువా అను. హిందీలో పొగను ధువా అంటారు."

"ధువా," అంది సంతోషమ్మ. ఇంకో రెండుసార్లు అనుకుంది.

మర్నాడు ఆమె కువైట్ వెళ్లిపోయింది. ఒక ఇంట్లో వంటపనికి కుదిరి, అక్కడ నాలుగేళ్లు ఉందని తరువాత ఆమె తమ్ముడు ఇస్సాకు ఆదోని బస్టాండులో కనిపించి చెప్పాడు. గఫూర్ సాబ్ ఇంకో ఆరేళ్లు ఎగిరాడు. ఆ ఆరేళ్లలో గంట మళ్లీ రెండుసార్లు మోగింది. రెండూ ఉత్తవే. రెండుసార్లూ ఆయన లేచి వెళ్లి, కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాడు.