సముద్రం లేని పరలోకం

ఈ రోజు సాయంత్రం డాలీగంజ్‌లో మా ఇంట్లో తాతయ్య జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పరలోకం గురించి ఆయనే కట్టిన పాట పాడుకున్నాం. అక్కడ కన్నీళ్లుండవు, చీకటి ఉండదు, సముద్రమూ ఉండదు అని సాగే పాట అది.

పాట అయిపోగానే అప్పలమ్మ దీదీ అమ్మను పట్టుకుంది. ఆవిడ మా చర్చి మనిషి కాదు. ఇన్నేళ్లూ మా ఇంటికి చేపలు తెచ్చిన మనిషి, తాతయ్య మీద అభిమానంతో వచ్చింది.

"సంద్రం ఉండదని ఎందుకు రాసేడమ్మా ముసలాయన?"

"వైజాగ్ నుంచి ఈ దీవికి వచ్చేటప్పుడు షిప్పులో దారంతా వాంతులేనట దీదీ. దిగగానే కట్టేరట ఈ పాట."

"అయితే షిప్పు ఉండదని రాయాల గానీ, సంద్రం ఏటి సేసింది?"

పాస్టరుగారితో సహా అందరం నవ్వేశాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. తాతయ్య ఫొటో వైపు చూస్తూ, "నెత్తళ్ల సేపలు నేకపోతే ముద్ద దిగీది కాదు ఆయనకి. అక్కడేటి తింటన్నాడో" అంది.

పాస్టరుగారు టీ కప్పు కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నారు. వాక్యం బాగా తెలిసినవాళ్లు ఎవరైనా త్వరగా ఒక జవాబు చెప్పండి. రేపు పొద్దున్నే ఆవిడ గంపతో మా గుమ్మంలో ఉంటుంది.