సెట్టింగుల ఫైలులో ఏడో వరుస

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్ల ముఖం మీదే నవ్వేదాన్ని. ఇప్పటికీ ఆ మాట నా నోట రాదు. జరిగింది మాత్రం చెబుతాను.

జహనుమా బస్తీలో ఇంటి దగ్గరే టైపింగ్ చేస్తాను. నయాపూల్ కోర్టు వకీళ్ల కాగితాలే ఎక్కువ. ఇంట్లో నేనూ మా ఆయనా ఇద్దరమే, ఆయన కంప్యూటర్ ముట్టుకోరు. టైపు చేయడానికి హంగులేమీ లేని చిన్న ఎడిటర్ ప్రోగ్రాం వాడతాను.

మా మేనత్త అంజమ్మ మలక్‌పేటలో మా అన్న ఇంట్లో చనిపోయి అప్పటికి మూడు వారాలైంది. ఒక ఉదయం ఎడిటర్ తెరవగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. సెట్టింగుల ఫైలు ఏడో వరుసలోని ఆదేశం అర్థం కావడం లేదట. ఎంటర్ కొడితే పోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ వచ్చింది.

నాలుగో రోజు విసుగొచ్చి సెట్టింగుల ఫైలు చూశాను. ఎడిటర్ మొదలవగానే చదువుకునే ఫైలు అది, అక్షరాల సైజు, రంగు అందులో ఉంటాయి. ఏడో వరుసలో తెలుగులో ఇలా ఉంది: ‘నీళ్లడిగితె ఇయ్యలే.’

ఏదో కేసు కాగితంలోని ముక్క పొరపాటున అతికించి ఉంటాననుకుని తుడిచేశాను. మర్నాడు మళ్లీ ఉంది. పాత కాగితాలన్నీ వెతికాను, ఆ మాట ఎక్కడా లేదు. ఎడిటర్ తీసేసి మళ్లీ వేశాను. ఇంటర్నెట్ తీగ పీకేశాను. అయినా వచ్చింది.

మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే సలీం భాయ్ వచ్చాడు. డబ్బా విప్పితే బొద్దింకల గుడ్లు, ఎండిపోయిన బల్లి. ముక్కు మూసుకుని అన్నీ తీసి పారేశాడు. డిస్కంతా తుడిచి, అన్నీ కొత్తగా వేసి, నా ముందే ఎడిటర్ తెరిచాడు. మళ్లీ ఎర్ర అక్షరాలు, ఫైలులో మళ్లీ అదే ఏడో వరుస.

“ఇందుల ఏం రాసుంది అక్కా?” అన్నాడు. అతనికి తెలుగు చదవడం రాదు.

చదివి వినిపించాను. పైకి చదివాకే తెలిసింది, ఆ మాట తీరు అంజమ్మత్తది. జీవితమంతా ఒక ఆఫీసులో ఊడ్చి, వేలిముద్ర వేసి జీతం తీసుకున్న మనిషి. ఒక్క అక్షరం రాదు.

చివరిసారి వెళ్లినప్పుడు ఆమె మంచం నుంచి కుళ్లు వాసన వస్తుంటే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. పెదవులు పగిలి తెల్లటి పొర కట్టి ఉన్నాయి. చెయ్యెత్తి ఏదో అడిగింది. “వదిన ఇస్తది తియ్యి” అని పది నిమిషాల్లో వచ్చేశాను.

మర్నాడు మలక్‌పేట వెళ్లాను. కంప్యూటర్ సంగతి ఎత్తలేదు. “అత్తకు నీళ్లు ఇచ్చినవా, లేదా?” అని వదినను అడిగాను.

ఆమె టీ వడబోస్తూనే చెప్పింది. “తాగితే పక్కలనే ఉచ్చ పోస్తది. దినాం ఎవరు కడుగుతరు? పొద్దుగాల ఓ గిలాస, రాత్రి ఓ గిలాస. నడుమల బంద్ పెట్టిన. నువ్వొచ్చి ఒక్కనాడన్న గుడ్డ మార్చినవా?”

అన్న బిస్కెట్ టీలో ముంచుకుంటూ విన్నాడు. వదిన నా ముందు కప్పు పెట్టింది. ముట్టుకోకుండా ఉంచిన టీ చల్లారి, దాని మీద తెల్లటి పొర ముడతలు పడింది. బాత్‌రూంలోకి పరిగెత్తి కక్కుకున్నాను.

ఇంటికొచ్చి ఎడిటర్ తెరిచాను. ఎర్ర అక్షరాలు రాలేదు. ఫైలులో ఏడో వరుస ఖాళీగా ఉంది. నేను తుడవలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. అప్పటి నుంచి మళ్లీ రాలేదు.

అత్త శాంతించిందని మా ఆయన అంటారు. నాకలా అనిపించదు. ఆ వరుస ఎవరు రాశారో, ఎవరు తీశారో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. వదిన అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు: ఒక్కనాడూ గుడ్డ మార్చలేదు.