నలభై ఒక్క ఆయ్‌లు

ఫిబ్రవరి పన్నెండో తేదీ, బుధవారం, ఉదయం పదిన్నరకు బెంగుళూరు నుంచి వచ్చిన ఫోను నేనే తీశాను. మా ఊళ్ళో పదహారు మంది ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి కొబ్బరి పీచుతో డోర్‌మ్యాట్లు నేస్తారు. ఆ సంఘానికి లెక్కలూ ఉత్తరాలూ చూసేది నేను. సహకార సంఘంలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమస్తాగా చేశాను కనుక ఆ పని నాకు అప్పగించారు. ఇంగ్లీషు చదవగలను, రాయగలను. అవతలి మనిషి గడగడా మాట్లాడుతుంటే విని జవాబు చెప్పవలసిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

బెంగుళూరు షాపాయన మూడు నిమిషాలు మాట్లాడాడు. ఆరువందల మ్యాట్లు అన్నది అర్థమైంది. మిగతాది కాలేదు. ఆయన ఆగిన చోటల్లా నేను ‘ఆయ్’ అన్నాను.

మా కోనసీమలో ఆయ్ అంటే ఒప్పుకున్నాననీ అవుతుంది, వింటున్నాను చెప్పండి అనీ అవుతుంది. రెండింట్లో ఏదో ఎదుటి మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఆయ్ అనకుండా కూర్చుంటే పొగరు అనుకుంటారు. ఫోనులో నా ముఖం ఆయనకు కనబడదు కదా. నేను మర్యాదకు అన్నదాన్ని ఆయన ఒప్పందంగా రాసుకున్నాడు.

సరిగ్గా పదిహేను రోజులకు, ఫిబ్రవరి ఇరవై ఏడున, లారీ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. మనిషికి రోజుకు రెండు మ్యాట్లు. పదహారు మందికి ముప్పై రెండు. పదిహేను రోజులకు నాలుగువందల ఎనభై. నూట ఇరవై తక్కువ. ఆ షాపులో తెలుగు వచ్చిన గుమస్తా ఒకతను ఫోన్ చేసి, పదిహేను రోజుల్లో కావాలని నాలుగుసార్లు అడిగామని, నేను నాలుగుసార్లూ అవునన్నానని చెప్పాడు. ఇకమీదట తమ యజమాని అమలాపురంలో ఇంగ్లీషు వచ్చిన మధ్యవర్తితోనే మాట్లాడతాడట. ఆ మధ్యవర్తి చేతి కింద నాలుగు ఊళ్ళ వాళ్ళున్నారు. ఆర్డరు అతని చేతికి పోతే మా ఊరికే వస్తుందన్న నమ్మకం లేదు.

మార్చి రెండో తేదీన అందరం షెడ్డులో కూర్చున్నాం. దీపావళి ముందు ఇంకో ఆర్డరు వస్తుంది, ఆ ఒక్క ఫోనూ నన్ను మాట్లాడనివ్వండి, అప్పుడు కూడా తప్పితే మధ్యవర్తికే ఇచ్చేద్దాం అన్నాను. ఈలోగా ఇంగ్లీషు వినడం, మాట్లాడడం నేర్చుకుంటానన్నాను. మా తోటికోడలు, ఆ పదహారు మందిలో అందరికంటే వేగంగా నేసే మనిషి, చేతిలో పీచు తాడు దులుపుకుంటూ అంది.

“అక్కయ్యగారు ఉత్త ఆయ్‌తోనే నూట ఇరవై మ్యాట్లు మన నెత్తిన పడేసేరు. ఇంక యెస్ కూడా నేర్చుకొచ్చేరంటే ఎన్ని పడతాయోనండీ.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ గడువు ఇచ్చారు. బెంగుళూరుకు ఉత్తరం రాసి, జరిగిన తప్పు నాదని ఒప్పుకుని, ఈ ఒక్కసారికి నేరుగా మాతోనే మాట్లాడమని కోరాను. ఉత్తరం రాయడం నాకు వచ్చు. సరేనని జవాబు వచ్చింది.

విశ్వవిద్యాలయం వారు అమలాపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఆదివారాలు వ్యాపార ఇంగ్లీషు కోర్సు నడుపుతున్నారని తెలిసి చేరాను. జూలై ఆరున మొదటి తరగతి. మొత్తం పన్నెండు ఆదివారాలు. ముక్తేశ్వరంలో బస్సెక్కితే తొమ్మిదింటికల్లా కాలేజీలో ఉండేదాన్ని. తరగతిలో ముప్పై నాలుగు మందిమి. నా వయసు అరవై ఏడు. నా తరవాత పెద్దవాడికి ఇరవై తొమ్మిది.

నా బెంచీలో రాజోలు వైపు నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్నగారు పడవ మీద చేపల వేటకు వెళతారు. ఆ అమ్మాయి బీకాం చదివి, రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. మొదటి రోజే మా ఇద్దరినీ వీపు వీపు ఆనించి కుర్చీల్లో కూర్చోబెట్టి, ఫోనులో మాట్లాడుతున్నట్టు పది నిమిషాలు మాట్లాడమంది పాఠం చెప్పే మేడమ్. ఆవిడ పక్కన నిలబడి వింటోంది. నేను ఆయ్ అన్నాను. ఆవిడ నావైపు వంగింది. మళ్ళీ అన్నాను. “ఐ... వాట్?” అని అడిగింది. నేను ‘ఐ’ అని మొదలుపెట్టి మిగతా వాక్యం మింగేస్తున్నానని అనుకుందట. ఆవిడది ఈ ప్రాంతం కాదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయికి నా సంగతంతా చెప్పి, నేను మాట్లాడేటప్పుడు ఎన్ని ఆయ్‌లు వస్తాయో గీతలు పెట్టమన్నాను. సంఖ్య తెలియనిదే ఏదీ తగ్గించలేను, అది నా అలవాటు. సాయంత్రం ఇంకోసారి పది నిమిషాలు మాట్లాడాం. నోటుపుస్తకం చివరి పేజీలో నలభై ఒక్క గీతలున్నాయి. నేను కూడా ఊరికే కూర్చోలేదు. ఆ అమ్మాయివి ఇరవై ఎనిమిది.

“ఆయ్! నాకెక్కడివండీ ఇన్ని?” అంది.

“ఇరవై తొమ్మిది రాయనా?” అన్నాను.

రెండో ఆదివారం ముప్పై ఎనిమిది. మూడో ఆదివారం నలభై నాలుగు. పెరిగింది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని, పెదవుల మధ్య చీపురుపుల్ల పట్టుకుని వినేదాన్ని. ఆయ్ అంటే పుల్ల పడిపోతుంది. నాలుగో వారం ఇరవై ఆరు, ఐదో వారం పదిహేడు, ఆరో వారం ఆరు. గెలిచాననుకున్నాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ వారం నుంచి అవతలి మనిషిగా మేడమే నాతో మాట్లాడేది. నేను నోరు మూసుకుని వింటుంటే మధ్యమధ్య మాట ఆపి, “హలో? ఆర్ యూ దేర్?” అని అడగడం మొదలుపెట్టింది.

“మామ్మగారూ, మీరు ఆయ్ మానేసి తలూపుతున్నారండి,” అంది నా బెంచీ అమ్మాయి. “ఫోన్లో తలకాయ కనపడదు కదండీ.”

వినడమంటే నోరు మూసుకోవడం కాదన్నమాట. విన్నానని అవతలి మనిషికి ఏదో ఒక విధంగా తెలియాలి. ఆయ్ తీసేసిన చోట ఏం పెట్టాలో వారం రోజులు తోచలేదు. తోచింది షెడ్డులో, ఎండబెట్టిన పీచు కట్టలు లెక్కపెడుతున్నప్పుడు. సహకార సంఘం గోదాములో ఎరువు బస్తాలు దించేటప్పుడు హమాలీ పైకి అంకె చెప్పేవాడు. నేను అదే అంకె గట్టిగా తిరిగి చెప్పి, అప్పుడు రాసుకునేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పనే చేశాను. తిరిగి చెప్పకుండా ఒక్క బస్తా రాయలేదు. బెంగుళూరు ఫోను దగ్గర మాత్రం ఆ పద్ధతి గుర్తుకు రాలేదు. ఇంగ్లీషు వినగానే నేను గుమస్తానన్న సంగతే మరిచిపోయాను.

తరవాతి ఆదివారం మేడమ్ ఏం చెప్పినా ఆ మాట తిరిగి చెప్పాను. అంకె వస్తే అంకె, తేదీ వస్తే తేదీ. ఫిఫ్టీన్ అంటే, “వన్ ఫైవ్?” అని అడిగాను. నా వాక్యాలు పొట్టివి, ఉచ్చారణ మోటు. అయినా ఆ పది నిమిషాల్లో ఆవిడ ఒక్కసారి కూడా హలో అనలేదు.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన పరీక్ష. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు పక్క గదిలోంచి ఫోనులో మాట్లాడాడు. యాభైకి ముప్పై ఒకటి వచ్చాయి. వినడానికి ఇరవై ఐదుకు పంతొమ్మిది, మాట్లాడడానికి పన్నెండు. పాసయ్యాను. ఆ పన్నెండు మాత్రం నాకు నచ్చలేదు. నా బెంచీ అమ్మాయికి నలభై రెండు.

అక్టోబరు తొమ్మిది, గురువారం, పదకొండుకు బెంగుళూరు ఫోను వచ్చింది. పదహారు మందీ నేత ఆపి చుట్టూ చేరారు. స్పీకరు పెట్టి, పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఎనిమిది వందల మ్యాట్లు, ఇరవై రోజుల్లో కావాలన్నాడాయన.

“ఎయిట్ హండ్రెడ్. ట్వంటీ డేస్. టూ జీరో. ఈజ్ దట్ రైట్?” అని అడిగాను.

రైట్ అన్నాడు. ఇరవై రోజులకు ఆరువందల నలభై. ఎనిమిది వందలకు ఇరవై ఐదు రోజులు, దీపావళికి మూడు రోజులు సెలవు. పుస్తకంలో ముందే వేసి పెట్టుకున్నాను.

“నో. వీ నీడ్ ట్వంటీ ఎయిట్ డేస్.”

మా వైపు వాళ్ళం ‘కాదు’ అని అంత సూటిగా అనం. చూద్దామండీ అంటాం. ఆ నో నేను చీపురుపుల్ల పక్కన పెట్టి వందసార్లు సాధన చేసిన మాట. అవతల నిశ్శబ్దం. ఆ ఖాళీలో ఆయ్ నా గొంతు దాకా వచ్చింది. పెదవులు బిగించి పుస్తకంలో క్షణానికో గీత పెడుతూ కూర్చున్నాను. ఏడు గీతలయ్యాక ఆయన ఇరవై ఐదు రోజులకు కుదురుతుందా అన్నాడు. మా తోటికోడలు ఒప్పేసుకోండన్నట్టు రెండు చేతులూ ఊపింది. నేను తల తిప్పుకుని, “ట్వంటీ ఎయిట్. టూ ఎయిట్,” అన్నాను.

“ఓకే మేడమ్. ట్వంటీ ఎయిట్,” అన్నాడు.

ఫోను పెట్టేశాక మా తోటికోడలు నా పుస్తకంలోకి తొంగి చూసింది. “పండగ మూడు రోజులూ కూడా లెక్కలో వేసేరేంటండీ?” అని, వెళ్ళి తన నేత దగ్గర కూర్చుంది.

ఒక పని మిగిలింది. అమలాపురం మధ్యవర్తికి ఫోన్ చేసి, బెంగుళూరు ఆర్డరు నేరుగా మాకే వచ్చిందని, ఇకమీదట కూడా మేమే మాట్లాడుకుంటామని, మధ్యలో తాను కల్పించుకోవద్దని చెప్పాను. ఆయన ఇక్కడి మనిషే. నేను ఆగిన చోటల్లా ఎంతో మర్యాదగా “ఆయ్, ఆయ్” అన్నాడు.

“ఏవండీ,” అన్నాను. “ఆ ఆయ్, వింటున్నానని అంటున్నారా, ఒప్పుకున్నానని అంటున్నారా?”

“ఒప్పుకున్నానండీ,” అన్నాడు.

“ఒప్పుకున్నారు,” అని తిరిగి చెప్పి, తేదీ వేసి రాసుకున్నాను.