పరిచారకుడు కావడానికి లేచి నిలబడిన మా పెద్దబాపు

ఇబ్రహీంపట్నంలో మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, పోయిన గురువారం జ్వరంతో చనిపోయారు. మా చిన్న క్రైస్తవ సంఘానికి ఆయన ఒక్కరే పరిచారకులు. ఆ స్థానంలో ఇక ఎవరినీ నిలపనక్కరలేదని సంఘపు పెద్దలు అనుకుంటున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ మాట ఖాయం చేస్తారు. అందుకే ఇల్లు కుదుటపడకముందే మిగతా సంఘాల వాళ్లకు ఇది రాస్తున్నాను.

పెద్దలనూ పరిచారకులనూ ఏర్పరచిన రోజు నాకు బాగా గుర్తు. మా ఇంట్లో చదువు వచ్చినది నాకే కాబట్టి లేఖనం నాచేత చదివించారు. పట్నం నుంచి వచ్చిన పాదిరిగారు దానిని వివరించారు. పెద్దలు సంఘాన్ని కాయాలి, బోధించాలి. పరిచారకులు రోగులనూ విధవరాళ్లనూ చూసుకోవాలి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచాలి, రాలేని వాళ్లకు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి.

"చాకిరి అన్నమాట" అన్నారు పాదిరిగారు.

పెద్దలుగా ఉండటానికి చేతులు లేచాయి. చాకిరి అనగానే తలలు వంగాయి. కూర్చున్న వాళ్లందరూ దొర కోటలాంటి గడిలో కూలి లేకుండా వెట్టి చేసేవాళ్లే. మా మేనత్త పైకే అడిగింది.

"అయ్యా, గీడ గూడ ఎట్టి చాకిరేనా?"

పెద్దబాపు లేచి నిలబడ్డారు.

"గడిల పిలుస్తరు. పోకుంటె ఈపు పగులుతది. ఈడ అడుగుతున్నరు. నన్ను ఎన్నడన్న ఎవరన్న అడిగిన్రా? నేను జేస్త."

రోగి ఇంటికి వెళితే ఆయన ముందు కుండ చూసేవారు. నీళ్లు లేకపోతే తెచ్చి పోసేవారు. "ప్రార్థన పెద్దలు జేస్తరు తియ్. నువ్వేం దిన్నవ్ జెప్పు" అనేవారు. సాయంత్రాలు పరిచారకుల గుణాలు నాచేత మళ్లీ మళ్లీ చదివించుకునేవారు. పరిచారకుడు రెండు మాటలవాడు కాకూడదని చదివితే, "నాకు ఒక్క మాటనే సక్కగ రాదు, రెండేడియి బిడ్డా?" అని నవ్వేవారు.

ఒక ఆదివారం ఆయన రొట్టె పళ్లెం అందుకోగానే గడి కావలికాడు తలుపు దగ్గరికి వచ్చాడు. ఎవరో అధికారి మకాం చేశాడట, సామాన్లు మోయాలట.

"ఇది పంచి వస్త" అన్నారు పెద్దబాపు.

"నీ రొట్టెకోసం దొర ఆగుతడా?"

పెద్దల్లో వయసు మీరినాయన నేల చూస్తూ, "పో తమ్మీ. వాడ మీదికి తేకు" అన్నారు. ఆయనను తప్పు పట్టలేను. ఆయన గుడిసె కూడా దొర భూమిలోనే ఉంది.

పెద్దబాపు పళ్లెం నా చేతుల్లో పెట్టి, "జర పంచు బిడ్డా" అని వెళ్లిపోయారు. అప్పటినుంచి ఆయనను తీసుకుపోయిన ప్రతి ఆదివారం నేనే పంచాను. ఊరు విడిచిపోదామని ఒకసారి అన్నాను. "ఏడికి? కందుకూరు పోతె ఆడ ఇంకో దొర. ఆయన మూటలు గూడ నాకోసమే కట్టిపెట్టి ఉంటయ్" అన్నారు.

ఈ వానల్లో రావిర్యాల దాకా మోత మోసి, తడిసి వచ్చి పడుకున్నారు. మళ్లీ లేవలేదు. చూడవచ్చిన పెద్దలతో, "నా పని పిల్ల జేస్తది, దానికి ఇయ్యుండ్రి" అన్నారు.

సమాధి అయ్యాక నేను ఆ మాట ఎత్తాను. "ఆడపిల్లను పేరు పెట్టి నిలబెడితె నలుగురు నవ్వుతరు. ఊకెనే చేసుకో, ఎవరు వద్దన్నరు?" అన్నారు పెద్దలు. లేఖనంలోనే ఒక స్త్రీని సంఘ పరిచారకురాలని రాశారని చెప్పాను. "చదువుకున్నవ్, నీకు ఏది గావాలంటె అది దొరుకుతది" అన్నారు.

పేరు ఇవ్వరు, పని మాత్రం నా మీదనే ఉంచుతారు. అడగకుండా చేయించుకునే పనిని ఏమంటారో మా వాడలో అందరికీ తెలుసు. చేయనంటే ముసలివాళ్లు ఏమవుతారు?

మొన్న ఆదివారం పళ్లెం నేను తీసుకోలేదు, ఇంకెవరూ తీసుకోలేదు; రొట్టె మా ప్రార్థన గుడి గడప దాటలేదు. మా వాడ చివర కాళ్లు పడిపోయిన అవ్వ ఉంది. నేను ఉత్త చేతులతో వెళ్లేసరికి ముఖం కడుక్కొని, కొంగు తలమీదికి లాక్కొని, దోసిలి ఒడిలో పెట్టుకొని వాకిట్లో కూర్చుంది.

"ఇయ్యాల ఎవరొస్తరు బిడ్డా?" అని అడిగింది.

ఆమె కుండలో నీళ్లు పోసి ఇంటికి వచ్చాను. మీ సంఘాల్లో స్త్రీని పరిచారకురాలిగా నిలిపి ఉంటే, మీ పెద్దలు ఎలా ఒప్పుకున్నారో దయచేసి ఈ నెల ఆఖరి శనివారంలోగా నాకు రాయండి.