టోమన్‌తో పదకొండు నిమిషాలు

నా బావమరిది కుడిచెయ్యి బాగుపడిందా లేదా అన్నది నా డైరీయే తేల్చాలని వాళ్ళింట్లో నిర్ణయమైంది. ఆ నిర్ణయం చేసింది వాడి భార్య. వరసకు నాకు చెల్లెలు.

వాళ్ళది మలేసియాలో నది ఒడ్డున ఉన్న హుటాన్ మెలింటాంగ్. వాడు బతుకంతా జెట్టీలో పడవల ఇంజన్లు బాగుచేశాడు. మూత విప్పకుండానే, చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. చెయ్యి సగమే వచ్చిందని డాక్టరు అన్నాడు. మొత్తం వచ్చిందని వీడు అన్నాడు. ఆ మొండితనంతోనే మోటార్ సైకిల్ తీసి, వెనక భార్యను ఎక్కించుకొని మార్కెట్టుకు బయల్దేరాడు. మలుపులో బ్రేకు నొక్కాల్సిన వేళ్ళు బ్రేకు మీద లేవు. ఉన్నాయనే అనుకున్నాడట. ఆమె భుజం ఎముక విరిగింది. లోపల ఇనుప పట్టీ వేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆమె బండి తాళం తీసి దాచేసింది.

జెట్టీ వాళ్ళింటికి రెండు మైళ్ళు. బండి లేకపోతే వాడు జెట్టీకి పోలేడు, పోకపోతే వాడిని ఎవరూ ఏ ఇంజను గురించీ అడగరు. పొద్దంతా వరండాలో కూర్చొని, రోడ్డు మీద పోయే బళ్ళ చప్పుడు వింటూ ఏ బండిలో ఏం పాడైందో తనలో తాను చెప్పుకొనేవాడు. నేను ఉండే క్లాంగ్ నుంచి వెళ్ళినప్పుడల్లా తాళం గురించే గొడవ. ఒకసారి చెల్లెమ్మకు విసుగొచ్చింది.

"అన్నా, ఈయన సెయ్యి బాగుందంతాడు. నాను నమ్మను. మీరు ఎప్పుడూ ఎల్లే ఆ పెద్ద చెరువుకి తీసుకెల్లండి. ఒక్క సేప, పెద్దది, ఎవులూ ముట్టకుండా లాగనీండి. జరిగింది మీ బుక్కులో రాసి తెండి. బుక్కు సూసి తాళం ఇచ్చేత్తాను."

"బావ రాత ఏటి, కోర్టు తీర్పా?" అన్నాడు వాడు.

"నీ పిల్లలు పుట్టిన టైము ఎవుల్ని అడిగినావు? బావ బుక్కునే కదా."

వాడు నవ్వి ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను. సుంగై సుమున్ తోటల్లో పామాయిల్ మిల్లు తూకం దగ్గర గుమాస్తాగా చేరిన ఏడాది నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆ ఇంట్లో నా మాట కంటే నా రాతకే విలువ. అది నాకు ఇష్టం కూడా.

చెల్లెమ్మ చెరువన్న ఆ సరస్సు పేరాక్ నది ఎగువన, గెరిక్ ఊరు దాటాక ఉంటుంది. అడవిని ముంచి నీళ్ళు నిలిపారు. మునిగిన చెట్ల మోళ్ళు ఇప్పటికీ నీళ్ళలోంచి బయటికి పొడుచుకొని ఉంటాయి. ఒడ్డున ఒక గది తీసుకొని, ఎప్పుడూ వెళ్ళే మలాయ్ పడవవాడిని పిలిచాం. పొద్దున ఏడింటికి నీళ్ళ మీద ఉన్నాం. బావమరిది పడవ మధ్యలో, నేను ముందు వాడికేసి తిరిగి, పడవవాడు వెనక ఇంజను దగ్గర.

అక్కడ మేం చేసే వేట నిలబడి గాలం విసిరేది కాదు. గాలం కర్ర దారానికి చెక్కతో చేసిన బొమ్మ చేప కట్టి, దాన్ని వెనక్కి వదిలి, పడవను మనిషి నడకంత వేగంతో నడుపుతూ గంటల తరబడి ఈడ్చుకుపోవడం. ఎంత దారం వదిలాం, ఏ రంగు బొమ్మ, ఎన్నింటికి ఏం తగిలింది అన్నీ రాస్తాను. మా పడవకు ఒకే నియమం ఉంది. కర్ర ఎవరిదో, చేప వలలో పడేదాకా చెయ్యి వాళ్ళదే. ఇంకొకరి చెయ్యి తగిలితే ఆ చేప ఎవరి పేరునా రాయను. ముప్పై ఏళ్ళ కిందట నేను ఆత్రంగా వాడి కర్ర లాక్కొని చేపను పోగొట్టినప్పుడు, వాడే పెట్టిన నియమం అది.

"దారం ఎంత ఒగ్గినావు బావా?"

"ముప్పై అయిదు బారలు."

"ముప్పై నాలుగైతే సేప అలుగుతాదేటి?"

"నీది ఎంతో నీకు తెలుసా?"

"నానేటి, తూకం గుమాస్తానా? సాలినంత ఒగ్గినాను లా."

రెండు గంటలు గడిచాయి. నా కర్రకు ఒక సెబరావ్ చేప తగిలింది, చిన్నది, వదిలేశాను. వాడికి ఏమీ తగల్లేదు. కుడిచేత్తో కర్ర పట్టుకొని, ఎడమచేత్తో రీలు తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. మాటిమాటికీ తన కుడిచేతి వైపు చూసుకోవడం నేను గమనించాను. వంట చేసే మనిషి పొయ్యి మీది పాల వైపు చూసినట్టు చూసేవాడు. చూపు తిప్పితే వేళ్ళు మెల్లగా విచ్చుకొనేవి. మళ్ళీ చూసి మూసుకొనేవాడు.

"ఆ సెయ్యి ఎక్కడికీ పోదులే. నీళ్ళు సూడు," అన్నాను.

వాడు ఎర్రబడ్డాడు. తర్వాత పౌరుషానికి నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు పడవవాడు ఇంజను తగ్గించి చెయ్యి చూపించాడు. రెండు మోళ్ళ మధ్య నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్కడొక్కచోటే వాన చినుకులు పడుతున్నట్టు నీళ్ళు చిటపటలాడుతున్నాయి. అవి టోమన్ పిల్లలు. టోమన్ మన కొరమేను జాతిదే, అయితే మనిషి తొడంత లావు పెరుగుతుంది. దాని ఎర్రటి పిల్లలు వందల్లో ఒకే ముద్దగా ఈదుతూ, గాలి పీల్చడానికి ఒక్కసారిగా పైకి వస్తాయి. తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి. ఆ ముద్దలోంచి బొమ్మ చేపను ఈడిస్తే చాలు, ఆకలి లేకపోయినా వచ్చి కొడతాయి.

"ఇది వేట కాదు," అన్నాను. "పిల్లలకి అడ్డం వచ్చిందని కొడతాది. అలాటిదాన్ని ఎవుడైనా పడతాడు."

"ఎందుకు కొట్టిందో దాన్నే అడుగు. లాగేది నాను. పోనీ ఆబాంగ్, పోనీ," అన్నాడు వాడు, చివరి మాట పడవవాడితో మలాయ్‌లో.

నేను మళ్ళీ కాదనలేదు. నా అభ్యంతరం పిల్లల మీద జాలితో కాదు. తేలిగ్గా వచ్చే చేప పరీక్షకు పనికిరాదని. నా దారం చుట్టేసి, గడియారం చేతిలోకి తీసుకున్నాను.

రెండుసార్లు ఆ ముద్ద పక్కనుంచి పోయాం. మూడోసారి మధ్యలోంచి పోయాం. కర్ర విల్లులా వంగింది. రీలు అరిచింది. తొమ్మిదీ నలభై ఒకటి. పడవవాడు ఇంజను ఆపాడు.

మొదటి మూడు నిమిషాలు వాడు బాగానే లాగాడు. కర్ర మొదలు పొట్టకు ఆనించుకొని, కుడిచేత్తో పట్టుకొని, ఎడమచేత్తో రీలు తిప్పాడు. చేప మోడు చుట్టూ తిరగబోయింది. వాడు పూర్తిగా దారం మీదే కళ్ళు పెట్టాడు. అప్పుడు కుడిచేతి వేళ్ళు విచ్చుకోవడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. కర్ర పక్కకు జారింది. ఇంకొక్క గుంజు చాలు, నీళ్ళలోకి పోయేది.

పడవవాడు లేచి, వాడి వెనక నిలబడి, నడుము పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, వాడి వేళ్ళ మీద తన పిడికిలి మూశాడు. వాడి వేళ్ళతో సహా కర్రను బిగించి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

బావమరిదికి ఇది తెలియలేదు. పడవ ఊగుతోందని వెనక నిలబడి ఆసరా ఇస్తున్నాడనుకున్నాడు కాబోలు. "పట్టు దొరికినాది బావా, పట్టు దొరికినాది," అంటున్నాడు. నాలుగో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకా అలాగే సాగింది. చేప అలిసి పక్కకు వచ్చాక పడవవాడు చెయ్యి తీసి చేతి వల అందుకున్నాడు. పదకొండో నిమిషంలో చేప పడవలో పడింది. అయిదు కిలోల రెండు వందలు. పడవవాడు కొయ్యతో దాని తల మీద రెండు దెబ్బలు వేశాడు.

బావమరిది కుడిచెయ్యి పైకెత్తి నాకు చూపించాడు. ముఖమంతా చెమట. "సూసినావా? ఈ సెయ్యే. రాసుకో."

"రాత్తాను," అన్నాను.

పడవను కాసేపు అక్కడే ఉంచమన్నాను. మిగిలిన టోమన్ ఒక్కటే పిల్లల చుట్టూ తిరిగింది. ఒకవైపు కాస్తే ఇంకోవైపు ఖాళీ. ఆ ఖాళీలోంచి సెబరావ్‌లు వచ్చాయి. నీళ్ళు పగిలినట్టు చప్పుడైంది. పద్నాలుగు నిమిషాల్లో ఎక్కడా ఎరుపు లేదు. అదీ రాశాను. వాడు అటు చూడలేదు. ఎడమచేత్తో ఫోను పట్టుకొని చేపను ఫోటోలు తీస్తున్నాడు.

మధ్యాహ్నం గది ముందు నేను రాసుకుంటుంటే పడవవాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి మా భాష రాదు, నేను ఏం రాస్తున్నానో మాత్రం తెలుసు. "అంకుల్, కొన్ని రాయక్కర్లేదు," అన్నాడు మలాయ్‌లో. "పడవ నీది, పుస్తకం నాది," అన్నాను. అతను వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు ఫోను చేసినా పడవ ఖాళీ లేదంటాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ బావమరిదే మాట్లాడాడు. సోమవారం జెట్టీలో ముందు ఎవరి దగ్గరికి పోవాలి, ఎవరి పడవ ఇంజను తను లేని ఏడాదిలో పాడై ఉంటుంది, మోటార్ సైకిల్ గొలుసుకు నూనె ఎక్కడ కొనాలి. నేను కారు నడుపుతూ విన్నాను.

"రాసినావా బావా?"

"రాసినాను."

"బాగా రాసినావా?"

"ఉన్నది రాసినాను."

"అదే సాలు. నువ్వు రాత్తే అది నోరు మూసుకుంటాది."

అప్పుడే చెప్పి ఉండొచ్చు. కారులో ఇద్దరమే. దారి పొడవునా ఆ వీలు ఉంది. చెప్పలేదు. చదవాల్సిన చోట చదువుతానని మాట ఇచ్చాను, అక్కడే చదవాలనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాడి సంతోషం ఎంత దూరం పోతుందో చూడాలని కూడా ఉంది.

భోజనాల వేళకు గంట ముందే చేరాం. చెల్లెమ్మ ఆ టోమన్ తల పులుసు పెట్టింది. వాడి కంచం పక్కన బండి తాళం పెట్టింది. నేను చదవకముందే పెట్టింది. ఫోటోలు చూసి నమ్మేసినట్టుంది. వాడు పట్టుబట్టి కుడిచేత్తోనే తింటున్నాడు, ప్రతి ముద్దనూ కంచం నుంచి నోటిదాకా చూపుతో మోస్తూ.

"సదవండి అన్నా," అంది.

చదివాను. దారం, రంగు, టైము. మొదటి మూడు నిమిషాలు. నాలుగో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకా పడవవాడి కుడిచెయ్యి కర్ర మీద. నియమం ప్రకారం ఈ చేప ఎవరి పేరునా రాయలేదు.

వాడు మొదట నవ్వాడు. "తమాసాలొద్దు బావా. పూర్తిగా సదువు."

"అంతే ఉంది."

"అబద్దం. నా సెయ్యి మీద సెయ్యి ఏస్తే నాకు తెల్దేటి?" భార్య వైపు తిరిగాడు. "ఈయనకి ముప్పై ఏళ్ళ నుంచీ కుళ్ళు. నాను పెద్ద సేప పడితే సూడలేడు. నీకు తెల్దా?"

ఆమె నా ముఖం చూసింది, వాడి ముఖం చూసింది. తాళం ముట్టుకోలేదు. ఎవరిని నమ్మాలో తేల్చుకోలేక కూర్చుంది.

రాసింది నిజం. ఆమె భుజంలో ఇనుప పట్టీ ఉంది. మళ్ళీ అడిగినా అదే చదువుతాను. అక్కడితో పుస్తకం మూసి ఉంటే సరిపోయేది. వాడు నన్ను అబద్ధాలకోరును చేసి, ఆమెకు నా రాత మీద అనుమానం పుట్టించాడు. నేను దాన్ని భరించలేకపోయాను. కంచాలు పక్కకు జరిపాను.

"సెయ్యి బల్ల మీద పెట్టు. కళ్ళు మూసుకో," అన్నాను.

"ఏటి ఆట ఇది?"

"నాను ఒక్కో వేలూ పట్టుకుంటాను. ఏ వేలో సెప్పు. ఒక్కటి సరిగ్గా సెప్పినా పుస్తకంలో ఆ పేజీ సింపేత్తాను."

వాడు గర్వంగా కళ్ళు మూసుకున్నాడు. చెల్లెమ్మ వంగి చూస్తోంది. నేను చిటికెన వేలు పట్టుకున్నాను.

"మజ్జేలు," అన్నాడు.

ఆమె తాళం వైపు చూసింది. నేను బొటనవేలు పట్టుకొని, గోరు తెల్లబడేదాకా నొక్కాను.

"సిటికినేలు. సరేనా? సరేనా బావా?"

వాడి కనురెప్పలు బిగుసుకున్నాయి. నుదుటి మీద మడతలు లేచాయి. తలుపు అవతల ఎవరో పిలుస్తుంటే ఆలకిస్తున్నట్టు తల పక్కకు వంచాడు. నేను వేలు వదిలేశాను. నా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇంకాస్త గట్టిగా నొక్కు బావా," అన్నాడు వాడు కళ్ళు మూసుకునే. "ఒగ్గీకు. ఈసారి సెప్తాను. తెలుత్తన్నాది."

చెల్లెమ్మ తాళం తీసుకుంది. బల్లకు రాసుకొని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు ఏమిటో వాడికి వెంటనే తెలిసింది. కళ్ళు తెరిచి చూశాడు. బల్ల మీద వాడి చెయ్యి ఒక్కటే ఉంది.